స్పర్ధయు సహగానమును

ఒక కళాశాలలోని రెండు మూడు విద్యార్థి సంఘములు తమ భేదములను ప్రక్కకు నెట్టి, ఒక్కటిగా కూడి, ఒక సంగీత ప్రదర్శనమును సిద్ధపరచి పోటీకి పోవుట నేడు మన దేశమున ఎల్లెడల కానవచ్చు విషయమే. అట్టి సందర్భములందు అధ్యక్షత వహింప వచ్చిన పెద్దలు ఐకమత్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పి, విద్యార్థులను ఆశీర్వదించి, పూలమాల స్వీకరించి పోవుచుందురు. ఆ ఆశీస్సును కాదనువా రెవ్వరును లేరు. అయినను ఒక్క ప్రశ్న మిగిలియే యుండును. వేరొకరిని ఓడించుటకై కుదిరిన కలయికకు కలయిక యను పేరు తగునా?

దారి దోచుకొనువారును కలిసియే పోవుదురు. కురుక్షేత్రమున దుర్యోధనుని పక్షమున పదునొకండు అక్షౌహిణులు కూడినవి. ఆ కూడిక ఎట్టిదనగా, భీష్ముడు సేనాపతిగా నున్నంతకాలము కర్ణుడు ఆయుధము ముట్టనే లేదు. లెక్కకు అందరు నొక్క పక్షమే; లోపల ఎవరి యభిమానము వారిదే. మన సంఘముల కూడికలను, మన యుత్సవ సమితులను, ఒక్కొక్కప్పుడు మన ఆశ్రమ కార్యములను సైతము పరికించి చూచినచో, ఈ పదునొకండక్షౌహిణుల వాసన కొంత తగులకపోదు.

ఈ ప్రశ్న నాకు గ్రంథములనుండి వచ్చినది కాదు. విశ్వవిద్యాలయమున చదువుకొనుచున్న దినములలో నేనును ఒక సాహిత్య సంఘమున సభ్యుడను. మా పొరుగున నొక సంగీత సంఘ ముండెడిది. వారికి మాటలు వ్రాయువారు లేరు. మాకు పాడువారు లేరు. అంతర్ కళాశాలా పోటీలకై రెండు సంఘములును కలిసి ఒక సంగీత రూపకమును సిద్ధము చేయవలెనని నిశ్చయించుకొంటిమి. రెండు నెలలు సాయంకాలములందు సాధన జరిగెను. మా బృందమున ఒక మిత్రు డుండెను. పల్లెటూరివాడు, అందరికంటె ముందు వచ్చి చాపలు పరచువాడు, అందరికంటె వెనుక దీపములార్పి పోవువాడు. పాట యనిన ప్రాణము. కాని శ్రుతి నిలువదు. పోటీ మరి నాలుగు దినములున్న దనగా మా నాయకుడు అతనిని ప్రక్కకు పిలిచి, "వెనుక వరుసలో నిలువుము, పెదవులు మాత్రము కదుపుము, గొంతు విప్పవలదు" అని చెప్పెను. చెప్పునపుడు ప్రక్కన నేనును ఉంటిని. నాయకుని మాటకు అవును అన్నట్లు తల యూపితిని గూడ.

అతడు మారు పలుకలేదు. పోటీనాడు వెనుక వరుసలో నిలిచి, ఆద్యంతము పెదవులు కదిపెను. మాకు ప్రథమ బహుమతి వచ్చెను. మరునాడు ఛాయాచిత్రము తీయించుకొను వేళకు అతడు కానరాలేదు; ఎవ్వరును వెదకలేదు. చాపలు మాత్రము యథాస్థానమున చుట్టిపెట్టబడి యుండెను.

ఇది పెద్ద పాపమని పాఠకులు తలపకపోవచ్చును. బృందగానమున శ్రుతి చెడగొట్టువానిని పాడవలదనుట సంగీత ధర్మమే కదా యని విద్వాంసు లనవచ్చును. నేనును పెక్కేండ్లు ఆ సమాధానముతోనే కాలము గడపితిని. కాని సాధువై, తెల్లవారుజామున పదిమందితో కూర్చుండి ప్రార్థనాగీతములు పాడు జీవితమున ప్రవేశించిన పిదప, ఆ పెదవులు నాకు మరల మరల కనబడసాగినవి. అతనిని పాడవలదనుట తప్పా కాదా యనునది ఒక విషయము. పాడుచున్నట్లు నటింపు మనుట వేరొక విషయము. మాకు అతని శరీరము కావలసెను, వరుస నిండుటకు, అతడు అక్కరలేదు.

స్పర్ధయే దోషమా? మన పూర్వులు అట్లనలేదు. భరతముని నాట్యశాస్త్రమున ఇరువదియేడవ అధ్యాయ మంతయు ప్రదర్శనముయొక్క సిద్ధిని గూర్చినదే. నటులు ధనమునకో పతాకకో పోటీ పడుదురని ఆయన యెరుగును; ఎరిగి దానికి మర్యాద యేర్పరచినాడు. గుణదోషముల నిర్ణయించు ప్రాశ్నికులు ఎట్టివారై యుండవలెను, ఏయే విషయమున ఎవ్వరి మాట ప్రమాణము, ఘాతములను ఎట్లు లెక్కింపవలెను అని విపులముగ చెప్పి, దోషములు తక్కువగాను గుణములు ఎక్కువగాను గలవానికి పతాక నొసగవలెనని తీర్పు చేసినాడు. నేటి మన న్యాయనిర్ణేతల పట్టికలు చూచి ఇది పాశ్చాత్యుల పద్ధతి యనుకొనువారు ఆ యధ్యాయము నొకసారి చదువవలెను.

అయితే అదే గ్రంథమున ప్రథమాధ్యాయమున వేరొక కథ యున్నది. అది మరింత లోతైనది. లోకమున మొట్టమొదట ఆడిన నాటకము ఇంద్రధ్వజోత్సవమున జరిగినది. కథావస్తువు దేవతలు దైత్యులను జయించుట. ఆడువారు భరతుని నూర్గురు కుమారులు. చూచువారిలో దేవతలును కలరు, దైత్యులును కలరు. తమ యోటమినే ఎదుట ఆడి చూపగా దైత్యులకు కడుపు మండినది. విరూపాక్షుని ముందిడుకొని వారు విఘ్నములను ప్రేరేపింపగా నటుల వాక్కు, చేష్ట, జ్ఞాపకము స్తంభించిపోయినవి. ఇంద్రుడు తన ధ్వజదండముతో వారిని చావమోదెను. ఆ దండమునకే జర్జర మని పేరు. అప్పటికిని విఘ్నములు ఆగలేదు. తుదకు బ్రహ్మ నాట్యగృహమును కట్టించి, దైత్యులను పిలిచి, మంచిమాటలతో నచ్చజెప్పెను. ఆయన చెప్పినదాని భావమేమనగా, ఈ నాట్యము మీకొక్కరికే చెందినదియు కాదు, దేవతల కొక్కరికే చెందినదియు కాదు, ముల్లోకముల భావములును ఇందు కలవు అని. గమనింపుడు: లోకమున మొదటి ప్రదర్శనమే విజయ ప్రదర్శనమై చెడినది. కొట్టి నిలుపవలె నన్నచో నిలువలేదు. ఓడినవానికిని ఇందు చోటున్నదని చెప్పిన పిమ్మట నిలిచినది.

న్యాయశాస్త్రకారు లీ విషయమునే మరియొక మార్గమున విడదీసినారు. గౌతముని పదునారు పదార్థములలో వాదము, జల్పము, వితండము అను మూడు కలవు. సత్యము తెలియగోరి ఇరువురు మాటలాడుకొనుట వాదము. అందు ఓడినవాడును లాభపడును, ఏలన అతనికి తెలియనిది తెలిసినది. గెలుపే గురిగా, ఛలముతోనైనను, జాతులతోనైనను ఎదుటివానిని పడగొట్ట జూచుట జల్పము. తనకొక పక్షమే లేక, ఎదుటివాని పక్షమును చెరచుటయే పనిగా నుండుట వితండము. భగవద్గీత పదియవ అధ్యాయమున భగవానుడు తన విభూతులను లెక్కించుచు, వాదించువారిలోని వాదము తానే యని చెప్పియున్నాడు. తక్కిన రెండింటిని ఆ పట్టికలో చేర్చలేదు. పాటకును ఆటకును ఈ విభాగము చక్కగా అన్వయించును. ఎదుటి బృందము పాడగా విని, 'ఆహా, ఈ మలుపు మాకు తోచలేదే' యని నేర్చుకొనునట్టి పోటీ వాదము వంటిది. బహుమతి తప్ప మరేమియు వినబడని పోటీ జల్పము. ఇక ఎదుటివారు వేదిక నెక్కగానే వెనుకనుండి కూతలిడి వారి తాళము తప్పించు విద్యార్థులను మీరును చూచియుందురు, నేనును చూచితిని. దానిని గూర్చి వ్రాసి కాగితము పాడుచేయను.

ఈ యాలోచనలతో నున్న నాకు దంతెవాడకు పోవు సందర్భము తటస్థించినది. విశాఖపట్టణమునుండి కిరందూలునకు పోవు రైలు అనంతగిరి సొరంగములు దాటి, అరకు లోయ గడచి, జగదల్పూరు మీదుగా ఆ చోటికి చేరును. బైలాడిలా కొండలలోని ఇనుపరాతిని విశాఖ రేవునకు, అచ్చటినుండి జపానునకు, చేర్చుటకై 1960 దశాబ్దమున వేసిన మార్గమది. బైలాడిలా యనగా ఎద్దు మూపురమని యర్థము. దూరమునుండి చూచినచో కొండ నిజముగా అట్లే యుండును. గనుల పనికై వచ్చి కిరందూలు, బచేలి పట్టణములలో స్థిరపడిన తెలుగు కుటుంబములు కలవు.

తెలుగువారికి దంతెవాడతో గల సంబంధము గనులకంటె పాతది. శంఖినీ డంకినీ నదుల సంగమమున వెలసిన దంతేశ్వరీ దేవి ఓరుగంటినుండి కాకతీయ వంశజుడగు అన్నమదేవుని వెంట వచ్చెనని అచ్చటి ఐతిహ్యము. బస్తరు రాజులు తాము కాకతీయ వంశీయులమని చెప్పుకొనుటకు దంతెవాడ శాసనమే సాక్ష్యము. ఆ కాకతీయుల కాలముననే, గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని 1253-54 ప్రాంతమున నృత్తరత్నావళిని రచించెను. ఎనిమిది అధ్యాయములలో మొదటి నాలుగు మార్గమునకు, తక్కిన నాలుగు దేశికి. ఏనుగుల సేనను నడపు నాయకుడు, భరతుని శాస్త్రమును క్షుణ్ణముగ నెరిగినవాడు, కూర్చుండి పల్లెజనుల కోలాటమును, పేరణిని, రాసకములను శాస్త్రగౌరవముతో వర్ణించుట సామాన్య విషయము కాదు. పండితులు పామరుల యాటను చూడవలసినట్లు చూచిన సందర్భములు మన చరిత్రమున అంత పెక్కు లేవు.

వార్తాపత్రికలు చదువువారికి దంతెవాడ పేరు వినగానే తుపాకులు స్ఫురించును. ఆ దుఃఖము నిజమే. కాని ఆ నేలకు వేరొక ప్రసిద్ధియు కలదు. ఫాల్గుణమున దేవి సన్నిధిని మడై జరుగును. చుట్టుపట్ల గ్రామదేవత లెల్ల తమ ఛత్రములతో, ధ్వజములతో అచ్చటికి విచ్చేయుదురు. రాత్రులందు కుందేటి వేట, దుప్పి వేట, అడవిదున్న వేట మున్నగువానిని ఆటగా ఆడుదురు. 2025 వ సంవత్సరమున బస్తర్ పండుమ్ అను ఉత్సవము జరిగినది. పండుమ్ అనగా గోండీ భాషలో పండుగ. ఆటలకు, పాటలకు, వాద్యములకు, వేషభూషలకు, వంటకములకు సైతము మొదట మండలములలో, పిదప జిల్లాలలో పోటీలు పెట్టి, చివరి పోటీలు ఏప్రిల్ నెల మొదట దంతెవాడలోనే జరిపిరి. దేవతల యెదుట ఆడిన యాటకు మార్కులు వేయు కాలము వచ్చినదన్నమాట. ఇది మంచిదా చెడ్డదా యని తొందరపడి చెప్పబోను. ఏలన అచ్చట నేను విన్న యొక మాట నా తొందరను కొంత తగ్గించినది.

ఆ ప్రాంతమున ఒక కళాశాలలో విద్యార్థులు యువజనోత్సవమునకై ఒక నృత్యగీతమును సాధన చేయుచుండిరి. మన దేశమున విశ్వవిద్యాలయముల మధ్య యువజనోత్సవములు 1954 లో ఢిల్లీలో ప్రారంభమైనవి. నేడు అవి కళాశాలనుండి విశ్వవిద్యాలయమునకు, అచ్చటినుండి మండలస్థాయికి, దేశస్థాయికి మెట్లు మెట్లుగా సాగుచున్నవి. ఆ కళాశాలలో మూడు గుంపులు ఒకటైనవి. ఒకటి జాతీయ సేవా పథకపు దళము. రెండవది వసతిగృహమునందలి గోండు బాలబాలికలు తమలో తాము ఏర్పరచుకొన్న మేళము. మూడవది గనుల పట్టణములనుండి వచ్చు విద్యార్థుల సంగీత సంఘము. ఇందు మన తెలుగు పిల్లలును నలుగురు కలరు. తెలుగు స్వామి వచ్చినాడని వారే నన్ను తోడ్కొని పోయిరి.

మైదానమున ముప్పదిమందికి పైగా ఉండిరి. వారు ఎత్తుకొన్నది దండామీ మాడియాల యాట. పురుషులు అడవిదున్న కొమ్ములు, ఈకలు కూర్చిన తలపాగలు ధరింతురు. ముఖము మీదికి గవ్వల సరములు వ్రేలాడుచుండును. మెడనుండి పెద్ద డోలు వ్రేలాడదీసికొని వాయించుచు ఆడుదురు. ఈ కొమ్ముల తలపాగను బట్టియే గ్రిగ్సన్ దొర 1938 లో ప్రకటించిన తన గ్రంథమున వారిని అడవిదున్న కొమ్ముల మాడియాలని పేర్కొన్నాడు. స్త్రీలు చేత గజ్జెలు గల యినుప కడ్డీలు పట్టుకొని, వరుసగా నిలిచి, అడుగడుగునకు నేలను తాటింతురు. ఆనాడు వేషము లేదు. కళాశాల దుస్తులతోనే యుండిరి. కడ్డీలకు బదులు కొందరు వెదురు కఱ్ఱలు పట్టిరి. అయినను ఒక్కుమ్మడిగా నేల తాకిన ఆ చప్పుడు నా యెడమలోనికి వచ్చి తగిలినది.

నేను చూచిన దేమనగా, ఆ వరుసలో ఆట బాగుగా వచ్చినవారును, రానివారును కలిసియే యుండిరి. బచేలినుండి వచ్చిన యొక తెలుగు బాలిక మొట్టమొదట ఆ అడుగు వేయుచున్నది. ఆమెను చివర నిలుపలేదు, వెనుక దాచలేదు. ఇద్దరు గట్టివారి నడుమ నిలిపిరి. ఆమె చేయి ఒకరి చేతిలో, రెండవ చేయి మరియొకరి చేతిలో. ఆమె తప్పడుగు వేయబోవునంతలో ప్రక్కవారి భుజము కదలిక ఆమెను సరియైన చోటికి ఈడ్చుకొని పోవుచున్నది. ఎవరు నేర్పినారీ యుపాయమని అడిగితిని. డోలు వాయించు యువకుడు నా ప్రశ్న అర్థము కానట్లు చూచి, "మరి యెక్కడ నిలుపుదుము స్వామీజీ?" అనెను.

నేను వెంటనే ఏమియు మాటలాడలేకపోతిని. మాకు తోచినది ఒక్కటే చోటు: వెనుక వరుస.

అచ్చటి పల్లెలలో ఈ యాటకు ప్రేక్షకు లనువారు వేరుగా ఉండరు. రానివాడును వరుసలోనికే వచ్చును. రాత్రి గడచునప్పటికి నేర్చుకొనును. ఇంకను ఉత్తరమున, నారాయణపూరు, కొండగావ్ ప్రాంతముల మురియాలలో యువతీయువకులకు ఘోటుల్ అను సంస్థ యుండెడిది; కొన్నియెడల నేటికిని కలదు. దానికి నాయకులు, పదవులు, పనుల పంపకము, నియమములు, తప్పులకు జరిమానాలు, ఒక విద్యార్థి సంఘమునకు ఉండవలసిన వన్నియు ఉండెడివి. వెరియర్ ఎల్విన్ 1947 లో ప్రకటించిన పెద్ద గ్రంథము దీనిని గూర్చినదే. పుష్యమాసమున ఆ యువకులు కోలలు పట్టి ఊరూర తిరిగి ఆడి వచ్చెడివారు. పొరుగూరివారు ఆట చూచి ధాన్యమో మరొకటో ఇచ్చి పంపెడివారు. పొరుగూరిని ఓడించి వచ్చితి మనెడివారు కారు. ఎల్విన్ గ్రంథమున ఆ సంస్థను గూర్చిన కొన్ని విషయములు మనవారికి రుచింపవు. అది ఇచ్చట చర్చనీయాంశము కాదు.

ఇక చిక్కు ఎచ్చట వచ్చినదో చెప్పెదను. యువజనోత్సవ నిబంధనల ప్రకారము జానపద నృత్య బృందమున పదిమందికి మించి నర్తకు లుండరాదు. ఆట పది నిమిషములకు మించరాదు. మైదానమున ముప్పదిమందికి పైగా ఉన్నారు. మూడు గుంపులు కలిసినపుడు ఎవ్వరికిని తోచని ప్రశ్న ఇప్పుడు తోచినది. ఎవ్వరు పోవలెను? సేవాదళపు నాయకుడు గుంపునకు ముగ్గురు చొప్పున పంచుకొందమనెను. ఇది సంధిపత్రము వంటి మాట. ఇందు న్యాయ మున్నట్లు కనబడును, కాని ఆటను గూర్చిన యాలోచన యేమియు లేదు. సంగీత సంఘమువారు, బాగుగా ఆడు పదిమందిని ఎన్నుకొనవలెను, లేనిచో గెలువము అనిరి. గోండు బాలికలలో ఒకతె యుండెను. అందరిలోను ఆమె యాటయే మేలైనది. క్రిందటి యేడు బృందమునకు నాయకత్వము వహించినదియు ఆమెయే. ఆమె మాటలాడలేదు.

నన్నడిగిరి. నేను సాధువులు సాధారణముగా చెప్పు మాటలే చెప్పితిని: గెలుపునకై ఆడవలదు, ఆటకై ఆడుడు, బహుమతి ముఖ్యము కాదు. అప్పుడు ఆ బాలిక హిందీలో నాతో అనిన మాటల సారాంశ మిది. "స్వామీజీ, మీకు బహుమతి ముఖ్యము కాదు. మా పాటను మా యూరిలో ఎందరైనను విందురు. జగదల్పూరులో, రాయపూరులో ఎవరు విందురు? క్రిందటి యేడు మేము గెలిచినాము గనుకనే ఈ యేడు వీరందరు మాతో కలిసి మా యాట నేర్చుకొనుటకు వచ్చినారు. గెలువనిచో మా భాష మాటలాడుటకు మా వసతిగృహపు పిల్లలే సిగ్గుపడుదురు."

ఈ మాటకు నా యొద్ద సమాధానము లేకపోయెను. ఇప్పుడును పూర్తిగా లేదు. ఆకలి యెరుగనివాడు ఉపవాస మహిమను వర్ణించినట్లు, ఎల్లెడల తన భాషకు, తన పాటకు ఆదరము గలవాడు స్పర్ధను నిందించుట సులభము. నాటి రాత్రి న్యాయసూత్రములలోని యొక మాట జ్ఞప్తికి వచ్చినది. గౌతముడు వాదమును అసూయ లేనివారితో, గురువుతో, శిష్యునితో, సహాధ్యాయితో జరుపుమని చెప్పి, అటుపిమ్మట జల్పమునకును వితండమునకును ఒక ప్రయోజనము చెప్పినాడు. విత్తిన గింజ మొలకెత్తినపుడు ఆ మొలకను కాచుటకు రైతు చుట్టును ముండ్లకంప వేయునట్లు, తత్త్వనిశ్చయమును కాపాడుకొనుటకు అవి యుపయోగించునట. చదువుకొనునపుడు ఈ సూత్రము నాకు నచ్చలేదు. ఋషి కొంత లౌక్యమునకు దిగెనని తలచితిని. ఆ రాత్రి అట్లు తోచలేదు. ఆ బాలికకు పోటీ ముండ్లకంప. లోపల మొలక యున్నది. కంప లేనిచో పశువులు మేసిపోవును. పట్టణములలో మనము చేయు పొరపాటేమనగా, కంపకు నీరు పోయుచుందుము. మొలక ఎండినను మనకు తెలియదు. నా మిత్రుని వెనుక వరుసలో నిలిపిన దినమున మేము చేసిన దదియే. రెండు సంఘములు కలిసి పాడుట మొలక. బహుమతి కంప. మేము మొలకను పెరికి కంపను చిక్కన చేసితిమి.

కావున కలయిక నిజమైనదా కాదా యని తెలియుటకు, ఎదుటి బృందముతో వారెట్లు ప్రవర్తించిరని చూడనక్కరలేదు. అది తరువాతి మాట. తమలో శ్రుతి నిలువనివానిని, పదకొండవవానిని వారేమి చేసిరో చూడవలెను. అతనికి పని లేకపోవచ్చును, వేదికపై చోటు లేకపోవచ్చును. ఆ సంగతి అతని ముఖము చూచి చెప్పవచ్చును. కాని పెదవులు కదుపుమని అతనిచేత అబద్ధ మాడింపరాదు. సామగానమున ఈ మర్యాద చక్కగా కనబడును. ఒక సామమును అయిదు భాగములుగా విభజింతురు. ప్రస్తావమును ప్రస్తోత పాడును, ఉద్గీథమును ఉద్గాత పాడును, ప్రతిహారమును ప్రతిహర్త పాడును. ఒకడు పాడునపుడు తక్కినవారు మౌనము వహింతురు. ఆ మౌనము నటన కాదు, తన వంతు కొరకు వినుట. తుదిని నిధనమను భాగమును మువ్వురును కలిసి పాడుదురు. ఉద్గాతయే ప్రధానుడైనను ఆ నిధనము నతడొక్కడు పాడుకొనడు.

మరునాటి సాయంకాలము విద్యార్థులు తమలో తామే తేల్చుకొనిరి. నన్ను మరల అడుగలేదు, అదియు మంచిదే. డోలు వాయించువారిని విద్యను బట్టి తీసికొనిరి. తక్కినవారిలో, క్రిందటి యేడు పోయినవారు ఈ యేడు పోరాదని నిర్ణయించిరి. ఎవరి యోచన యిదియో తెలియదు. దీనివలన గోండు మేళమునుండి ఇదివరకు ఊరు దాటనివారు అయిదుగురు, గనుల పట్టణములవారు ముగ్గురు, సేవాదళమువారు ఇద్దరు తేలిరి. బచేలి బాలిక పట్టికలోనికి వచ్చెను. అందరికంటె మేలుగా ఆడు ఆ బాలిక తప్పిపోయెను.

ఆమె దీనిని సంతోషముతో నంగీకరించినదని వ్రాసినచో కథ అందముగా నుండును. కాని ఆమె యేడ్చినది. ఇది అన్యాయమని గట్టిగానే అనినది. అందులో సత్యము లేకపోలేదు. మేలైన యాటను ఇంట నిలిపి పోటీకి పోవుట ఆటకును న్యాయము కాదు గదా. ఆమె స్నేహితురాండ్రు ఓదార్పబోగా చేయి విదిలించుకొని మైదానపు చివరనున్న ఇప్పచెట్టు క్రిందికి పోయి కూర్చుండెను. నాయకుడు నా వంక చూచెను. నేను నేల చూపు చూచితిని.

పోటీలో వారికేమి వచ్చినదని కొందరు నన్నడిగిరి. బహుమతి రాలేదు. ఆ వార్త నాకు తరువాత తెలిసినది. విశాఖకు మరలివచ్చు రైలులో నాకు జ్ఞప్తియున్నది మాత్రము నా ప్రయాణమునకు ముందునాటి సాయంకాలమే. ప్రొద్దు క్రుంకుచున్నది. డోళ్లు మరల మ్రోగసాగినవి. పదిమందియు వరుస కట్టిరి. బచేలి బాలిక మూడవ మలుపున ఎప్పటివలెనే తప్పడుగు వేసెను. ఈసారి ఆమెకు ఇరువైపుల గట్టివారు లేరు, అందరును క్రొత్తవారే. వరుస చెదరినది. రెండవసారియు అట్లే చెదరినది. ఇప్పచెట్టు క్రిందనుండి ఆ పిల్ల లేచి వచ్చెను. ముఖమున కోప మింకను తగ్గలేదు. ఎవరితోను మాటలాడక, వరుసలో ఆ బాలిక ప్రక్కనున్నవానిని ప్రక్కకు నెట్టి, ఆమె చేతిని తన చేతిలోనికి లాగికొని, డోలువానితో కసిరినట్లుగా ఏమో అనెను. డోలు మొదటినుండి మరల ఎత్తుకొన్నది.